జమా ఖర్చులు: మా ఇంటి బొమ్మల పద్దు

పోయిన సంచికలో బ్యాంకు లాకరుకు నామినీ పేరు రాయించడం గురించి రాస్తే ఎప్పుడూ లేనన్ని ఫోన్లు వచ్చాయి. వాటిలో సగం లాకరు తాళంచెవి ఎక్కడ పెట్టారో మరిచిపోయినవాళ్ళవే అనుకోండి. ఆ ఊపులోనే ఈసారి పెద్దవాళ్ళ డిపాజిట్ల మీద రాద్దామని కాగితం ముందేసుకున్నాను. ఇంతలో మన ఉగాది సభలో ఒక సంగతి జరిగింది.

పచ్చడి పంచుతున్న చోట బళ్ళారి నుంచి వచ్చిన ఒకావిడ నన్ను పక్కకు పిలిచారు. "అన్నయ్యగారూ, మీ మనవడికి కూడా ఆటిజం అని విన్నాను. మావాడికి నాలుగేళ్ళు. ఏ బొమ్మ కొన్నా ముట్టుకోడు. అన్నీ అటకెక్కాయి. మీరేం కొన్నారో కాస్త చెబుతారా?" అని అడిగారు. అడుగుతూ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. రెండేళ్ళ కిందట మా ఇంట్లో మేమూ అలాగే గొంతు తగ్గించి మాట్లాడుకునేవాళ్ళం, తలుపులు వేసి ఉన్నా సరే. ఆవేళ నిలబడి చెప్పగలిగింది కొంచెమే. మిగతాది ఇక్కడ రాస్తున్నాను. మా అమ్మాయిని అడిగి, తను సరేనన్నాకే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నేను డాక్టరును కాను. బి.కాం. చదివి ముప్ఫై మూడేళ్ళుగా బ్యాంకులో పద్దులు చూసుకుంటున్నవాణ్ణి. నాకు తెలిసిన విద్య లెక్క రాయడం ఒక్కటే. మనవడి బొమ్మలకూ ఒక లెక్క రాశాను. ఆ నోటుపుస్తకం చూసే ఇది రాస్తున్నాను.

ఆటిజం అంటే ఏమిటో తెలియనివారి కోసం రెండు ముక్కలు. అది అంటుజాడ్యం కాదు, మందు మింగితే పోయేదీ కాదు. మెదడు ఎదిగే తీరులోనే ఉన్న తేడా. మాట, నలుగురితో కలవడం, ఆట, ఇవన్నీ ఆ పిల్లల్లో వేరే దారిలో నడుస్తాయి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు అమెరికాలో దీన్ని గురించి వివరంగా రాశారు. తల్లి ముద్దు చేయకపోవడం వల్ల వస్తుందని ఆ తరువాత చాలాకాలం ఒక పాడుమాట చలామణీ అయింది. అది తప్పని ఏనాడో తేలిపోయింది. అయినా పెళ్ళిళ్ళలో ఇంకా అనేవాళ్ళు అంటూనే ఉన్నారు. "తల్లి ఉద్యోగానికి వెళ్తుంది కదమ్మా, అందుకే" అని మా అమ్మాయి ముఖం మీదే అన్నారు. ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

బొమ్మల విషయంలో తెలుసుకోవలసింది ఇంకొకటి ఉంది. ఈ పిల్లల్లో చాలామందికి చప్పుడు, వెలుగు, స్పర్శ, రుచి మనకు తోచినట్టు తోచవు. కొన్ని భరించలేనంత ఎక్కువగా తగులుతాయి, కొన్ని ఎంత ఉన్నా చాలవు. 2013లో అమెరికా మానసిక వైద్యుల సంఘం తన నిర్ధారణ గ్రంథాన్ని సవరించినప్పుడు దీన్ని కూడా లక్షణాల జాబితాలో చేర్చింది. మా వాణ్ణి చూస్తే విషయం సులువుగా తెలుస్తుంది. కుక్కరు విజిల్ వేస్తే చెవులు మూసుకుని మంచం కిందికి దూరతాడు. అదే పిల్లవాడు స్టీలు గిన్నె మూతను గచ్చు మీద గిరగిరా తిప్పి, నేలకు చెవి ఆనించి ఆ మోత వింటూ పడుకుంటాడు. ఇంట్లో మేమందరం చెవులు మూసుకుంటాం, వాడు మాత్రం మూసుకోడు. కుక్కరు ఎప్పుడు అరుస్తుందో వాడికి తెలియదు. మూత వాడు తిప్పితేనే మోగుతుంది. ఈ ఒక్క తేడా నాకు అర్థం కావడానికి ఏడాది పట్టింది, పదిహేను వేల రూపాయలు పైచిలుకు ఖర్చూ అయింది.

మొదటి పద్దు నా తెలివితక్కువదే. వాడి మూడో పుట్టినరోజుకు ఒక పెద్ద దుకాణానికి వెళ్ళి, అక్కడివాళ్ళు పొగిడిన వస్తువు తెచ్చాను. పాటలు పాడే, రంగుదీపాలు వెలిగే, మీట నొక్కితే ఇంగ్లీషులో జంతువుల పేర్లు చెప్పే చిన్న బల్ల. 3,200 రూపాయలు. మాటలు రావడం లేదు కదా, ఇది మాట్లాడుతుంటే వాడూ మాట్లాడతాడని నా లెక్క. మీట నొక్కి ఆవు అరిచిందో లేదో, వాడు కెవ్వున ఏడ్చి గోడకు తల కొట్టుకున్నాడు. మా అమ్మాయి పరుగున వచ్చి బ్యాటరీలు పీకేసింది. నన్ను ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేది.

చిత్రమేమిటంటే, సాయంత్రం వాడే ఆ బల్లను తిరగేసి, అడుగున ఉన్న నాలుగు మరల తలలను వేలితో తడుముతూ అరగంట కూర్చున్నాడు. 3,200 రూపాయల్లో వాడికి పనికొచ్చినవి ఆ నాలుగు మరలు.

అప్పట్నుంచి లెక్క రాయడం మొదలుపెట్టాను. తేదీ, వస్తువు, ధర, మొదటి రోజు ఎన్ని నిమిషాలు, నెల తరువాత ఎన్ని నిమిషాలు. చివర "ఎలా ఆడాడు" అని ఒక గడి. వాడికి శిక్షణ ఇచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టు మైసూరు వైపు అమ్మాయి. నా పుస్తకం చూసి నవ్వి, "సార్, మిగతా గడులు కొట్టేయండి, ఈ చివరిది ఒక్కటీ బాగా రాయండి" అంది. ఆ అమ్మాయి చెప్పిన సూత్రం ఇది. దుకాణంలో బొమ్మను చూసి కొనకండి. ఇంట్లో పిల్లవాణ్ణి వారం రోజులు చూడండి. వాడు ఇప్పటికే ఏం చేస్తున్నాడో, దానికి దగ్గరగా ఉన్నది కొనండి. తిప్పుతున్నాడా, వరస పెడుతున్నాడా, దూరుస్తున్నాడా, పిసుకుతున్నాడా, నోట్లో పెట్టుకుంటున్నాడా, ఎగురుతున్నాడా? డబ్బా మీద రాసిన వయసు, బొమ్మ మీద రాసిన గుణగణాలు అన్నీ ఆ తరువాతే.

పద్నాలుగు నెలల్లో 23 వస్తువులు కొన్నాం, చేయించాం. వాటిలో ఈనాటికీ రోజూ వాడేవి ఆరు. ఆ ఆరింటికీ అయిన ఖర్చు 2,780 రూపాయలు. అన్నిటికంటే ఎక్కువ వాడేది వంటింటి స్టీలు గిన్నెలు, ఒకదానిలో ఒకటి ఇమిడే అయిదు. వాటికి పైసా ఖర్చు లేదు.

ముందు స్పర్శకు సంబంధించినవి చెబుతాను. వాడు బియ్యం డబ్బా మూత తీసి మోచేతుల దాకా చేతులు ముంచి నిలబడేవాడు. థెరపిస్టు అది చూసి, అలాంటిదే ఒకటి వాడికంటూ పెట్టమంది. 140 రూపాయల ప్లాస్టిక్ బేసిను, అందులో రెండు కిలోల రాగులు, ఒక గరిటె, రెండు గ్లాసులు. రాగులు వంటింటి ఖాతా, నా లెక్కలో రావు. కాని మా ఆవిడ ఒప్పుకోలేదు. "ధాన్యాన్ని కాళ్ళ కింద పోసి తొక్కిస్తారా? అన్నపూర్ణకు కోపం రాదూ!" అని రెండు రోజులు ఆ బేసినును అటక దించనివ్వలేదు. చివరికి ఒక ఒడంబడికకు వచ్చాం. కింద పాత దుప్పటి పరవాలి, పడిన గింజ దులిపి పావురాలకు వేయాలి, నెలకోసారి రాగులు మార్చాలి. ఇప్పుడు రోజూ సాయంత్రం బేసిను దించేది ఆవిడే. గ్లాసులోంచి గ్లాసులోకి రాగులు జారుతుంటే వాడి భుజాలు దిగుతాయి. అలా దిగడం చూస్తే మన ఒంట్లో బిగువు కూడా సడలుతుంది.

బేసిను పెట్టేటప్పుడు శనగలు, బఠాణీలు, చింతగింజలు వద్దు. పిల్లలు ముక్కులోనో చెవిలోనో దూర్చుకుంటారు. తడి తగిలితే పప్పుగింజలు ఉబ్బి రావు. రాగులైనా సరే, పెద్దవాళ్ళెవరో ఒకరు ఎదురుగా కూర్చోవాలి. వాడిని ఆడుకోమని వదిలేసి టీవీ చూసే వస్తువు కాదిది.

పిసకడానికి చపాతీ పిండి ముద్ద. మైదాలో ఉప్పు బాగా దట్టించి చేసే ఆటముద్ద నిలవ ఉంటుంది, నిజమే. కాని ఏది దొరికితే అది తినే పిల్లవాడి చేతికి అంత ఉప్పు ఇవ్వకూడదు. చపాతీ పిండి తిన్నా ఫరవాలేదు, సాయంత్రానికి పారేయవచ్చు. బట్టల క్లిప్పులు, అరవై రూపాయల డజను, గిన్నె అంచుకు వరసగా గుచ్చుతాడు. వేళ్ళకు బలం రావడానికి అంతకంటే మంచిది నేను చూడలేదు. నీళ్ళలో వేస్తే గోలీలంత ఉబ్బే రంగు పూసలు ఉంటాయే, ఇంద్రియాల ఆట అని అమ్ముతుంటారు. అవి ఇంట్లోకి రానివ్వకండి. మింగితే పేగుల్లో ఉబ్బి అడ్డుపడతాయి, ఆపరేషను దాకా పోతుంది.

ఇక కట్టే బొమ్మలు.

ఈ పిల్లల్లో చాలామందికి కట్టే బొమ్మలు నచ్చడానికి నాకు తోచిన కారణం ఒకటి ఉంది. మనుషులు నిన్న నవ్వినట్టు ఇవాళ నవ్వరు. ఇటుక మాత్రం నిన్న ఎలా అతుక్కుందో ఇవాళా అలాగే అతుక్కుంటుంది. నియమం మారదు. బ్యాంకువాణ్ణి కనుక ఆ సుఖం నాకు తెలుసు.

మొదట చన్నపట్నం వెళ్ళాం. బెంగళూరు నుంచి మైసూరు దారిలో అరవై కిలోమీటర్లు. మన ఏటికొప్పాకలో చేసినట్టే అక్కడా అంకుడు జాతి మెత్తని కర్రను లేతుకు బిగించి తిప్పుతూ, లక్కకడ్డీ ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, ఆ పైన ఆకుతో మెరుగు పెడతారు. టిప్పు సుల్తాను కాలంలో పర్షియా పనివాళ్ళు నేర్పిన పని అని అక్కడ చెబుతారు. అంచులు గుండ్రం, మేకు లేదు, చేతికి నున్నగా, కాస్త బరువుగా ఉంటుంది. ఆ బరువే వాడికి నచ్చింది. ఒక కొయ్యకు గుచ్చే వలయాల బొమ్మ 380 రూపాయలకు తెచ్చాను. లక్క బొమ్మ అన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. సహజ రంగులా, పెయింటా అని అడిగి కొనాలి. కొండపల్లి బొమ్మలు మనకు ప్రాణమే, కాని తేలిక పొణికి కర్ర మీద రంగు వేసి అద్దాల బీరువాలో పెట్టుకోవలసిన వస్తువులవి. నోట్లో పెట్టుకునే పిల్లవాడి చేతికి కాదు.

తరువాత ప్లాస్టిక్ ఇటుకలు. ఇక్కడ నాలాగా తొందరపడకండి. మొదట నేను తెచ్చింది చిన్న ఇటుకల పెట్టె, 200 ముక్కలు. అవి నొక్కి అతికించడానికి వేళ్ళలో బలం కావాలి, ఊడదీయడానికి ఇంకా ఎక్కువ బలం కావాలి. ఈ పిల్లల్లో కొందరికి వేళ్ళ పట్టు తక్కువ. వాడు రెండుసార్లు నొక్కాడు, పడలేదు, పెట్టె మొత్తం విసిరేశాడు. పైగా నోట్లో పట్టే సైజు. దాన్ని అటకెక్కించి పెద్ద ఇటుకలు తెచ్చాం, 1,650 రూపాయలు. డెన్మార్కువాళ్ళ లెగో కంపెనీ 1969లో చిన్నపిల్లల కోసం డూప్లో అని పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ రెట్టింపు చేసి తెచ్చిన రకం ఉంది. వాటి సుగుణం ఏమిటంటే, రేపు పిల్లవాడు పెరిగి చిన్న ఇటుకల్లోకి వెళ్ళినా రెండూ కలిసి అతుక్కుంటాయి. పెట్టిన సొమ్ము వృథా కాదు. ఒక్కటే పెద్ద పెట్టె కొనేకంటే ఒకే రకం చిన్న పెట్టెలు రెండు కొనడం మేలని థెరపిస్టు అంది. ఒకటి వాడికి, ఒకటి మనకు. వాడి చేతిలోది లాక్కోకుండా, వాడు చేసిందే మనం పక్కన కూర్చుని మన ముక్కలతో చేయవచ్చు. నేను ఆ మాట పట్టించుకోలేదు. ఒకటే కొన్నాను. దాని ఫలితం చూడండి.

ఇటుకలు తెచ్చిన రోజు నేనొక బురుజు కట్టి చూపించాను. వాడు దాన్ని ఊడదీసి, హాలు గోడ పొడుగునా ఒక్కొక్క ఇటుకా వరసగా పేర్చాడు. ఎరుపు, పసుపు, ఎరుపు, పసుపు. మధ్యలో నీలం రాలేదు. "అలా కాదు నాన్నా, ఇలా" అని వరసలోంచి నాలుగు తీసి మళ్ళీ బురుజు కట్టాను. వాడు మళ్ళీ తీశాడు. మళ్ళీ కట్టాను. అలా వారం రోజులు. వరస పేర్చడం ఆటిజం లక్షణమని ఎక్కడో చదివి, ఆ వరసను చెరిపేస్తే లక్షణం చెరిగిపోతుందన్నట్టు నా పట్టుదల. ఏడో రోజు వాడు ఇటుకలు ముట్టుకోలేదు. తన ముంజేయి తానే కొరుక్కున్నాడు, పళ్ళగాట్లు పడి నెత్తురు చిమ్మేలా.

మా అమ్మాయి పసుపు అద్దుతూ, తలెత్తకుండా, "నాన్నా, నువ్వు సాయంత్రాలు రాసుకునే లెడ్జరు పేజీ వాడు రోజూ వచ్చి చింపేస్తే ఎలా ఉంటుంది? వాడు కట్టిన ఇంటిని రోజూ కూలుస్తున్నావు" అంది.

ఇల్లు అంది. నాకది ఇల్లని తోచనే లేదు. ఆ రాత్రి "ఎలా ఆడాడు" గడిలో ఆ వారం నేను రాసిన ఏడు పంక్తులూ చదువుకున్నాను. ఏడింటిలోనూ "సరిగా ఆడలేదు" అని ఉంది.

మర్నాడు రెండో పెట్టె కొన్నాను. ఆ 1,650 లోనే రెండూ కలిసి ఉన్నాయనుకోకండి, ఇది వేరే. ఈ రెండోది నా ఖాతా కనుక పైన చూపించలేదు. వాడి వరసకు జానెడు దూరంలో కూర్చుని, ఏమీ అనకుండా నేనూ ఎరుపు, పసుపు పేర్చుకుంటూ పోయాను. మొదటి రోజు వాడు చూడలేదు. నాలుగో రోజు నా వరసలో ఒకటి వంకరగా ఉంటే వచ్చి సరిచేసి వెళ్ళాడు. ఇరవయ్యో రోజో ఏమో, నా దగ్గర పసుపు అయిపోతే కావాలనే చేతులు కట్టుకుని ఊరుకున్నాను. వాడు నా వరస చివర చూశాడు, నా ఖాళీ పెట్టె చూశాడు, తన పెట్టెలోంచి ఒక పసుపు ఇటుక తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. పుస్తకంలో ఆ రోజు పద్దు: "ఇచ్చాడు. 1."

అమెరికాలో డేనియల్ లెగాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ ఇచ్చిపుచ్చుకోవడం మీదనే ఒక పద్ధతి పెట్టి 2004లో ప్రచురించారు. ముగ్గురు పిల్లలు కూర్చుంటారు. ఒకరు బొమ్మ చూసి ఏ ముక్క కావాలో చెప్పే ఇంజనీరు, ఒకరు ముక్క వెతికి ఇచ్చే సప్లయరు, ఒకరు అతికించే బిల్డరు. వంతులు మారుతుంటాయి. కాస్త మాట ఉన్న పెద్దపిల్లలకు అది. మా ఇంట్లో తాతా మనవలు ఇద్దరమే కనుక, వాడు సప్లయరు, నేను బిల్డరు. ఇంజనీరు ఉద్యోగం ఖాళీగా ఉంది.

ఇక ఆ బల్ల కింది మరల కథ. మా వీధి వడ్రంగి చేత ఒక పలక మీద నాలుగు పెద్ద బోల్టులు బిగించించి, వాటికి నట్లు కొనిచ్చాను. గరుకు అంచులు ఆకురాయి పెట్టి నున్న చేయించాను. అంతా కలిపి 550. తిప్పుడు, బరువు, చల్లని ఇనుము, మూడూ ఒక్కచోట దొరికాయి వాడికి. అన్నట్టు, నట్ల సైజుకు ఒక కొలత ఉంది. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మల ముక్కలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో పూర్తిగా దూరిందంటే గొంతులోనూ దూరుతుంది. పాత కెమెరా ఫిల్ము డబ్బా ఇంట్లో ఉంటే దాదాపు అదే కొలత. మా వాడికి అయిదేళ్ళు వచ్చినా ఇంకా నోట్లో పెట్టుకుంటాడు, కనుక ఆ డబ్బా పరీక్ష మాకు ఇంకా అమల్లోనే ఉంది. పెట్టె మీద "3+" అని ఉందని ఊరుకోకండి.

భద్రత మాట వచ్చింది కనుక అదీ పూర్తి చేస్తాను. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో 14 ఏళ్ళ లోపు పిల్లల బొమ్మలకు ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు ఉన్న హస్తకళలకు, నమోదైన పనివాళ్ళు చేసినవైతే మినహాయింపు ఉంది. చన్నపట్నం బొమ్మ మీద ఆ గుర్తు కనపడకపోతే కారణం అదే కావచ్చు. అయస్కాంతం పలకలు కొంటే అతుకులు గట్టిగా ఉన్నవే కొనండి. పగులు కనిపించిన రోజే పారేయండి. చిన్న అయస్కాంతాలు రెండు మింగితే కడుపులో పేగు గోడలను నడుమ ఇరికించుకుని అతుక్కుంటాయి, పేగుకు చిల్లు పడుతుంది. గుండీ బ్యాటరీ గొంతులో చిక్కితే రెండు గంటల్లోనే లోపల కాలిపోవచ్చు. మింగాడేమోనని అనుమానం వచ్చినా ఆసుపత్రికి పరుగెత్తండి. చీరతో ఉయ్యాల కడితే గుడ్డ మెలిపడి మెడకు చుట్టుకోకుండా మనిషి పక్కన ఉండాలి.

"ఆటిజం స్పెషల్" అని చీటీ అంటించి మూడింతలు ధర పెట్టే వస్తువుల గురించి. అదే రబ్బరు బంతి, చీటీ లేకుండా సంతలో చవకగా దొరుకుతుంది. బరువు దుప్పటి కొనమని మాకు చాలామంది చెప్పారు. ఇంగ్లండులో ఆటిజం పిల్లల మీద పరీక్షించి 2014లో ఫలితాలు ప్రచురించారు. పిల్లలకు, తల్లిదండ్రులకు దుప్పటి నచ్చింది, కాని నిద్ర మాత్రం పెరగలేదు. పసిపిల్లలకైతే అది ప్రమాదం కూడా. థెరపిస్టును అడగకుండా కొనకండి. ఇంద్రియాల శిక్షణ మీద కూడా, ఆధారాలు పరిమితమని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012లోనే చెప్పింది. రాగుల బేసిను ఆటిజాన్ని తగ్గిస్తుందని నేనెక్కడా అనలేదు, గమనించండి. ఆ అరగంట వాడు హాయిగా ఉంటాడు. ఆ హాయిలో మనం పక్కన చేరితే నాలుగు మాటలు నడుస్తాయి.

మాటలంటే గుర్తొచ్చింది. మనలాంటి కుటుంబాలకు ఇది ముఖ్యం. మా ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. ఒకచోట మాకు, "తెలుగు మానేయండి, ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి, లేకపోతే పిల్లవాడు తికమకపడతాడు" అని సలహా ఇచ్చారు. ఆరు నెలలు పాటించాం. మా ఆవిడకు ఇంగ్లీషు రాదు. ఆ ఆరు నెలలూ ఆవిడ మనవడితో మాట్లాడకుండా అన్నం పెట్టింది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం పిల్లల మాట వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదని తరువాత మా థెరపిస్టు చెబితే తెలిసింది. ఆవేళ రాత్రి ఆవిడ వాడికి అన్నం కలుపుతూ మాట్లాడిన మాటలు వంటింట్లోంచి వినిపిస్తుంటే నేను హాల్లోంచి లేవలేకపోయాను.

ఇటుకల దగ్గర, గ్లాసుల దగ్గర మాటలు చిన్నవి, అవే మళ్ళీ మళ్ళీ వస్తాయి. ఇవ్వు, పెట్టు, ఇంకోటి, పడింది, అయిపోయింది. మేమిలా తెలుగులో జపం చేస్తుంటే, వాడి నోట మొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా? "కొడు." మా పనిమనిషి కన్నడంలో "ఇవ్వు" అనే మాట. ఇటుక పెట్టె నా దగ్గర ఉంటే చెయ్యి చాపి అన్నాడు. మా ఆవిడ కాస్త నొచ్చుకుంది, తరువాత తనూ "కొడు" అనడం మొదలుపెట్టింది. ఇప్పటికి వాడికి పదకొండు మాటలు. ఏడు తెలుగు, మూడు కన్నడం, ఒకటి ఇంగ్లీషు. లెక్క నా దగ్గరుంది.

పోయిన దసరాకు మా ఇంట్లో బొమ్మల కొలువు పెట్టాం. ఆంధ్రాలో మా చుట్టాలు సంక్రాంతికి పెడతారు. మేము నాలుగు తరాలుగా ఇక్కడ ఉన్నాం కనుక మాకు దసరాకే అలవాటు. పేరంటాళ్ళు హాల్లో కూర్చుని ఉండగా, వాడు కింది మెట్టు మీది చన్నపట్నం బొమ్మలు ఒక్కొక్కటే దించి గోడ పొడుగునా వరస పెట్టడం మొదలుపెట్టాడు. ఎత్తును బట్టి, పొట్టిది ముందు. చుట్టాలావిడ ఒకరు, "అయ్యో, వీడికి ఆడుకోవడం కూడా రాదా?" అన్నారు. ఉద్యోగం సంగతీ ఆవిడే ఎత్తారు. మా అమ్మాయి కాఫీ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నేనేం అనాలో తోచక నిలబడ్డాను. మా ఆవిడ లేచి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, వాడి పక్కన గచ్చు మీద చతికిలబడింది. పై మెట్టు మీది పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు బొమ్మలు తనే దించి వరస చివర పెట్టింది. వాడు చూసి, పెళ్ళికూతుర్ని తీసి పెళ్ళికొడుకు ముందు పెట్టాడు. పొట్టిది కదా. పేరంటాళ్ళలో ఉన్న ఒక చిన్న పిల్ల కూడా దిగి వచ్చి కూర్చుంది. ఆ తొమ్మిది రోజులూ మా కొలువు మెట్ల మీద సగం, గోడ పొడుగునా సగం ఉంది. హారతి రెండుచోట్లా ఇచ్చాం.

బళ్ళారి చెల్లెమ్మగారూ, మీ అటక మీద ఉన్నట్టే మా అటక మీదా పదిహేడు వస్తువులున్నాయి. రెండు విరిగాయి, తక్కినవి బాగున్నాయి. మావాడు ముట్టనిది మీవాడికి నచ్చవచ్చు, మీవాడు విసిరేసింది మావాడికి. కార్యదర్శిగారిని అడిగితే అసోసియేషను గ్రంథాలయంలో ఒక బీరువా అర ఖాళీ చేసిస్తామన్నారు. అటక మీద ఉన్నవారంతా తెచ్చి పెట్టండి, కడిగి తుడిచి. నెల రోజులు తీసుకెళ్ళి చూసి తిరిగి ఇవ్వవచ్చు. రిజిస్టరు నేనే రాస్తాను, ఆదివారం పది నుంచి పన్నెండు దాకా అక్కడే ఉంటాను. చివర "ఎలా ఆడాడు" అనే గడి ఉంటుంది, అది నింపకుండా బొమ్మ వెనక్కి తీసుకోను.

డిపాజిట్ల సంగతి వచ్చే సంచికలో.